పాయఖానా నడుమ మా అవ్వ బండ

మొన్న ఫోన్లో మీరిద్దరూ అంతసేపు వాదులాడుకుంటుంటే నేను ఫోను చెవికి ఆనించుకొని ఊరికే కూర్చున్నాను. పుణెలో మీరు నడిపే చిన్నపిల్లల బడిలో పాయఖానాల మధ్య అడ్డం దేనితో పెట్టాలన్నది తగువు. పెద్దది ప్లైవుడ్ అంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ప్లాస్టిక్ బోర్డే మేలని చిన్నది అంటుంది. ఆ తగువు తెగకముందే రంగు దగ్గర ఇంకోటి మొదలైంది. నేనేదో చెప్పబోతే, "అమ్మమ్మా, నీకివన్నీ ఏం తెలుస్తాయిలే, నువ్వు మందులు వేసుకో" అని పెట్టేశారు.

మందులు వేసుకున్నాను. వేసుకుంటూ నవ్వుకున్నాను కూడా. ఎందుకంటే బిడ్డా, నాకు మొదటి నుంచి చివరి దాకా తెలిసిన సంగతి ఏదైనా ఉందంటే అది ఇదే. పాయఖానాల మధ్య అడ్డం ఎట్లా పెట్టాలో తెలియక ఒక ఊరు ఊరంతా తల పట్టుకోవడం నేను కళ్లారా చూశాను. ఆ అడ్డం నిలబడితే నాకు ఏడో తరగతి. పడిపోతే రాట్నం ముందు పీట. అందుకే అందులోని ప్రతి పుల్లా నాకు గుర్తుంది.

మాది దేవరకొండ దగ్గర ఒక చిన్న ఊరు. ఒక వాడంతా మగ్గాలు, ఒక వాడంతా గొర్రెలు. మధ్యలో బడి. మా బాపు నేత నేసేవాడు. ఇంట్లో బాపు, అమ్మ, నేను, అందరి మీదా బాపు తల్లి, అంటే మా అవ్వ. అవ్వ ఇంటి ముందు ఒక పెద్ద బండ ఉండేది. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, నున్నగా ఉండేది. పొద్దు వాలాక అవ్వ దాని మీద కూర్చొని దారాల ముళ్లు విప్పుతూ ఊరి సంగతులన్నీ విచారించేది. ఎవరు ఎక్కడికి పోతున్నారో ఆమెకు చెప్పకుండా ఆ దారిన నడవడం కుదిరేది కాదు. బండ ఒక మూలన పులిమేక ఆటకు గీతలు చెక్కి ఉండేవి. అవి చెక్కింది మా తాత. ఆయన జీవితంలో శ్రద్ధగా పూర్తి చేసిన పని అదొక్కటేనని అవ్వ అంటుండేది.

నేను ఆరో తరగతి అయిపోయి ఏడులోకి వచ్చిన సంవత్సరం, పంచాయతీ సమితి వాళ్లు మా బడికి పాయఖానాలు కట్టించారు. అప్పటిదాకా మగపిల్లలు గుట్టకు అటు పక్కకు, ఆడపిల్లలు ఇటు పక్క తంగేడు పొదల్లోకి పోయేవాళ్లం. మధ్యలో అడ్డం గుట్టంత ఉండేది. ఎవరికీ ఏ ఫికరూ లేదు. పాయఖానా వచ్చాకే సిగ్గు సమస్య మొదలైంది.

సంగతేమిటంటే, అవి సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులు. రాయి పగలగొట్టడం తెలిసినవాడు, రాయి మీద రాయి పేర్చడం తెలిసినవాడు మా చుట్టుపక్కల ఒక్కడు మిగల్లేదు. అందరూ ఆ పనికే పోయారు. మాకు దొరికిన మేస్త్రి మట్టిగోడలు పెట్టేవాడు. సమితి వాళ్లు ఆయనకు ఒక కాగితం ఇచ్చారు. ఆ కాగితంలో నాలుగు గుంటలు, చుట్టూ గోడ, ఎదురెదురుగా రెండు దర్వాజాలు, సరిగ్గా మధ్యలో ఒక గీత. ఆయన ఆ కాగితాన్ని సగానికి మడిచి నడుములో దోపుకొని తిరిగాడు. పని మొదలుపెట్టే రోజు విప్పి చూస్తే మడత మీదే గీత. అది మడత గుర్తనుకున్నాడు. చుట్టూ ఎత్తుగా గోడ పెట్టాడు, రెండు పక్కలా దర్వాజాలు పెట్టాడు, లోపల నాలుగు గుంటలు వరసగా తీశాడు. మధ్యలో మాత్రం ఏమీ లేదు. ఒక దర్వాజాలోంచి ఆడపిల్లలు, ఇంకో దర్వాజాలోంచి మగపిల్లలు పోయి లోపల కలుసుకోవచ్చు.

అది చాలదన్నట్టు, గోడకు జాగా కోసం తంగేడు పొదలన్నీ నరికేశారు.

అవ్వ ఒక రోజు పొద్దున ఒక కట్టె చేతిలో పట్టుకొని బడికి వచ్చి చూసిపోయింది. ఆ పొద్దుమాపు బండ మీద కూర్చొని తీర్పు చెప్పింది.

"కొడుకా, గా బడి పాయఖానాల అడ్డం లేదు. పిల్లకు పన్నెండేండ్లు వచ్చినయ్. అడ్డం పెట్టిపిస్తే బడికి పోతది. లేకుంటే రేపటి సంది రాట్నం కాడ కూసుంటది."

"పెట్టిస్తం లేవే అవ్వా," అన్నాడు బాపు. "జర టైమియ్యి."

"టైం నేనిస్త. దానికి అర్జెంటుగ వచ్చినప్పుడు టైం ఎవలిస్తరు?"



మీ అమ్మ అందరికీ చెబుతుంటుంది, మా అమ్మకు చిన్నప్పటి నుంచి చదువంటే ప్రాణమని. అంత లేదు బిడ్డా. నాకు కండెలు చుట్టడమంటే భయం. మగ్గంలో అడ్డంగా పోయే నూలును రాట్నం మీద చిన్న చిన్న కండెలకు చుట్టి ఇస్తూ ఉండాలి. పొద్దంతా అదే. నడుము పోతుంది, చూపుడువేలు చర్మం పోతుంది, పైగా అవ్వ ఎదురుగా కూర్చొని చూస్తుంటుంది. దాని కన్నా లెక్కల సారు బెత్తమే నయం. అందుకే నేను బడికి పోవాలనుకున్నాను.

నాలాగే ఏడో తరగతిలో ఇంకో ఆడపిల్ల ఉండేది. గొర్రెలవాడ పెద్దమనిషి కూతురు. ఆయనను నేను మామా అనేదాన్ని, బాపు బావా అనేవాడు. ఊరి వరసలే తప్ప చుట్టరికం లేదు. వాళ్లింట్లో కూడా ఇదే మాట అయింది. అడ్డం లేకపోతే పిల్ల గొర్రెల వెంట పోవాలి. అందుకని బాపు, మామ ఇద్దరూ బడికి పోయి పెద్దసారు ముందు కూర్చున్నారు. మేమిద్దరం కిటికీ కింద కూర్చున్నాం.

పెద్దసారు ముందుగా, "జడ్చర్ల నుంచి రేకు తెప్పిద్దాం. గట్టిగా ఉంటది, చూడ ముచ్చటగా ఉంటది" అన్నారు.

మామ కాసేపు మీసం దువ్వుకొని అన్నాడు. "సారూ, రేకు మీద చినుకు పడితెనే ఇంట్ల మాట వినబడదు. పిల్లలు కూసున్నప్పుడు గా చప్పుడు మీ తరగతి దాకా వస్తది. మీరు పాఠం చెప్తుంటరు, గా రేకు తాళమేస్తుంటది."

పెద్దసారు రేకు సంగతి మళ్లీ ఎత్తలేదు.

"గొంగడి కడ్దమా బావా?" అన్నాడు బాపు. "వాన పడ్డా తడవదు."

మామ ముఖం మారిపోయింది. "గొంగడా? నలుగురు పెద్దమనుషులు కూసునే గొంగడిని తీస్కపోయి పాయఖానాల కట్టమంటవా? నీ మగ్గం తీస్కపోయి కట్టు."

చివరికి మామే తన దారి చెప్పాడు. గొర్రెల మందకు వేసినట్టు కందికట్టెతో తడక అల్లి నిలబెడదామన్నాడు. రెండు రోజుల్లో అల్లి తెచ్చాడు. చక్కటి తడక. బారుగా, మనిషెత్తున, పసుపచ్చగా నిలబడింది. నేనూ నా దోస్తూ తెల్లారి అందరికన్నా ముందు పోయి చూసి వచ్చాం. అవ్వ కూడా వచ్చి కట్టెతో రెండు దెబ్బలు కొట్టి చూసి, "ఫరవాలేదు" అంది. ఆమె నోట ఆ మాట రావడమంటే బహుమతి ఇచ్చినట్టే.

అయితే బిడ్డా, బాగా ఎండిన కందికట్టె పొయ్యికి ఎంత బాగా అంటుకుంటుందో మీ గ్యాసు పొయ్యిలకు తెలియదు. బడికి గేటు లేదు. నీళ్లకు పోయే ఆడవాళ్లు పోతూ పోతూ ఒక పుల్ల, వస్తూ వస్తూ ఒక పుల్ల లాగారు. ఎవరికి వాళ్లు ఒక్క పుల్లే కదా అనుకున్నారు. పదిహేను రోజుల్లో తడక కాస్తా దువ్వెన అయింది. ఇటు నుంచి అటు చూస్తే మనిషి మనిషంతా కనబడుతున్నాడు. ఆ పైన ఒక రోజు మిగిలిన పుల్లల్లోంచి తేలు వచ్చింది. ఆ తేలును తప్పించుకోవడానికి మగపిల్లలు ఆడపిల్లల దర్వాజాలోంచి బయటికి ఉరికారు.

ఆ సాయంత్రం మామ మా ఇంటికి వచ్చాడు. "అత్తా, నా తడక పుల్లలు ఎవలెవలు గుంజిండ్రో నువ్వు చూసే ఉంటవ్. బండ మీదికెళ్లి నీకు కనబడనిది లేదు. పేర్లు చెప్పు."

అవ్వ దారం ముడి విప్పుతూనే ఉంది. "నాకు చత్వారం అల్లుడా. ఏం కనబడ్తలేదు."

వంటింట్లో పొయ్యి పక్కన నాలుగు కందికట్టెలున్నాయి. మా ఇంట్లో ఆ ఏడు కంది వేయలేదు. అమ్మ వాటి మీద జనుము సంచి కప్పింది. నేను చూశాను, మామ కూడా చూశాడు.  పోతూ పోతూ, "ఇయ్యాల రొట్టెలు మంచిగ కాలినయా అత్తా?" అని మాత్రం అడిగిపోయాడు.

అప్పుడు బాపుకు పౌరుషం వచ్చింది. "ఇగ నేను నేస్త" అన్నాడు. పొయ్యిలో పెట్టలేనిది, పుల్ల పుల్లగా లాగలేనిది బట్టే కదా. ముతక నూలు తీసి, ఒంటి పోగుకు రెండు పోగులు వేసి, గోనెసంచంత దళసరి బట్ట నేయడం మొదలుపెట్టాడు. నాలుగు వేళ్లు నేశాక ఆగాడు. అంచు లేని బట్ట ఆయన చేతికి అలవాటు లేదు. ఎర్రనూలు తీసి రెండు పక్కలా అంచు వేశాడు. వేశాక కొంగు కూడా ఉంటే బాగుంటుందనుకున్నట్టున్నాడు, రెండు ఎర్ర పట్టెలు కొంగులో పెట్టాడు.

అవ్వ చూసి, "పాయఖానాకు పెండ్లిచీర నేసినవ్ కొడుకా. రవికె కూడ కుట్టియ్యి" అంది.

బట్ట అయితే అయింది, కానీ గాలికి ఎగురుతుంది. గోడలా నిలబడాలంటే ఏం చేయాలి? నేతవాళ్లను అడిగితే ఏం చెబుతారు? గంజి. మాకు తెలిసిన మందు అదొక్కటే. నూలు మెత్తబడితే గంజి, తెగితే గంజి, బట్ట నిలబడకపోతే గంజి. వాడలోని నలుగురు నేతగాళ్లు కూడి, వీధిలో బట్టను అటూ ఇటూ కట్టి లాగి, కుండెడు జొన్నగంజి పట్టించి కుంచెలతో దువ్వారు. ఎండాక ఇంకో కుండ. అదీ ఎండాక మూడోది. బట్ట అట్టలా అయింది. వేలితో కొడితే టక్ టక్ మంది. పాయఖానా మధ్యలో వెదురు బొంగులకు బిగించి కడితే నిజంగానే గోడలా నిలబడింది. మా నేతవాడ అంతా వచ్చి చూసి మురిసిపోయింది. బాపు నాలుగు రోజులు ఏదో ఒక వంకతో బడి ముందు నుంచే తిరిగాడు.

నిలబడింది, కానీ తినడానికి కూడా బాగుంటుందన్న సంగతి మాకెవరికీ తోచలేదు.

ఐదో రోజు తనిఖీకి ఇన్స్పెక్టర్ వచ్చారు. కోస్తా వైపు నుంచి కొత్తగా మా జిల్లాకు వచ్చిన పెద్దమనిషి, చాలా మర్యాదస్తుడు. ఎండన పడి వచ్చారని పెద్దసారు మూడు చెంబుల మజ్జిగ తాగించారు. తరగతులు చూశారు, లెక్కలు అడిగారు. మమ్మల్ని వరసగా ఎండలో నిలబెట్టి పాట పాడిస్తుండగా మజ్జిగ తన పని తాను చేసింది. ఇన్స్పెక్టర్ పెద్దసారు చెవిలో ఏదో అడిగారు. పెద్దసారు గర్వంగా మగపిల్లల దర్వాజా చూపించారు.

ఆయన లోపలికి పోయిన కాసేపటికి మామ గొర్రెల మందలో తిరిగే ఒక మేకపోతు ఆడపిల్లల దర్వాజాలోంచి లోపలికి పోయింది. దాన్ని మేమందరం చూశాం. పాట మధ్యలో ఆపి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. అప్పటికే అది రెండు రోజులుగా కింది అంచు రుచి చూసి పోతోందని తరువాత తెలిసింది.

లోపల నుంచి మెల్లగా గొంతు వచ్చింది. "ఎవరండీ అక్కడ?"

జవాబుగా పరపరా నమిలే చప్పుడు.

"ఎవరైనా ఉన్నారాండీ? దయచేసి దీన్ని కొంచెం అవతలికి తోలండి."

ఆ మనిషి అంత కష్టంలో కూడా గొంతు పెంచలేదు. పెద్దసారు పరుగెత్తబోతే, మేకను వెతుక్కుంటూ వచ్చి గోడ పక్కన నిలబడ్డ మామ చెయ్యి అడ్డం పెట్టాడు. "సారూ, అదిలియ్యకుండ్రి. బెదిరిచ్చిండ్రంటే నోట్లదాన్ని వదలది, గుంజుకొని ఉరుకుతది."

"ఉరికితే ఉరకనీయవయ్యా, ఆయన లోపలున్నారు."

"గందుకే చెప్తున్న. ఇప్పుడైతే సగం బట్టన్న మిగిలింది."

ఇంతలో మేకకు ఏం తోచిందో, తలకాయ విదిలించింది. బొంగు విరిగింది. ఎర్రంచు బట్ట కొమ్ములకు చుట్టుకొని, కొంగు వెనక ఈడ్చుకుంటూ మేక బయటికి వచ్చి, పాట పాడుతున్న మా వరసల మధ్యలోంచి దర్జాగా నడిచిపోయింది. మా బాపు నేసిన బట్టల్లో అంత మంది ఒకేసారి చూసింది అదొక్కటే. పాట ఆగలేదు, కానీ ఆ తరువాతి చరణం ఎవరు పాడారో నాకు తెలియదు. ఇన్స్పెక్టర్ కొంచెం ఆలస్యంగా, ముఖం తుడుచుకుంటూ బయటికి వచ్చారు.  రిజిస్టరు తెప్పించుకొని, పక్కా అడ్డం పెట్టేదాకా పాయఖానాకు తాళం వేయాలని రాసి సంతకం పెట్టి పోయారు.

తాళం పడింది. తంగేడు పొదలు ముందే పోయాయి. అవ్వ ఇక టైం ఇవ్వలేదు. తెల్లవారి నేను రాట్నం ముందు, నా దోస్తు గొర్రెల వెనక.

నా కండెల సంగతి చెప్పాలి. ఒకటి బిగుతు, ఒకటి వదులు. మధ్యలో బొడ్డులా ఉబ్బి చివర సన్నగా ఉండేవి. బాపు వాటిని మగ్గంలో వేస్తే నూలు ఒక్కోసారి తెగుతుంది, ఒక్కోసారి కుచ్చులా ఊడి బట్టలో ఉండలు కడుతుంది. కావాలనే పాడుచేశానని, ఈ సంగతి విన్నప్పుడల్లా మీ తాత, అంటే మా ఆయన, బతికినన్నాళ్లూ అన్నాడు. ప్రమాణంగా చెబుతున్నాను, నాకు నిజంగానే చేతకాలేదు. బాపు ఉండ వచ్చినప్పుడల్లా మగ్గం ఆపి, గట్టిగా ఊపిరి వదిలి, మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ ఊపిరి కన్నా తిట్టే నయమనిపించేది.

పొద్దుమాపు గొర్రెలను తోలుకొస్తూ నా దోస్తు మా ఇంటి ముందు ఆగేది. ఇద్దరం బండ మూలన కూర్చొని పులిమేక ఆడుకునేవాళ్లం. అవ్వ ఇంకో మూలన ఉండేది. ఒక రోజు మామ కూడా వచ్చి చేతికర్ర పట్టుకొని మా ఆట చూస్తూ నిలబడ్డాడు. నేను ఎత్తు వేయకుండా బండను ఆ చివర నుంచి ఈ చివరకు చూశాను.

"మామా, ఈ బండ నిలబెడితే ఎంతెత్తు వస్తది?"

మామ నా ముఖం చూశాడు. తరువాత చేతికర్రను బండ మీద పడుకోబెట్టి కొలిచాడు. "మూరెడు భూమిల పాతినా నీ నెత్తి దాకా వస్తది."

"దీన్ని మేక తినదు."

"తినది. పొయ్యిల కూడ పట్టది," అన్నాడు మామ, అవ్వ వైపు చూడకుండా.

అవ్వ చేతిలో దారం ఆగింది. "ఏంది, చూపులు నా బండ మీద పడ్డయ్?"

మామ కర్ర తీసి చంకలో పెట్టుకున్నాడు.

"మీ తాత గుట్ట కాడికెళ్లి ఎడ్లబండి మీద తెచ్చిండు దీన్ని. నేను సచ్చినంక నన్ను పండబెట్టి నీళ్లు పోసేది దీని మీదనే. గది నేను ఎప్పుడో చెప్పి పెట్టుకున్న. పాయఖానాల పాతుతరా? లేవుండ్రి, ఇండ్లకు పోండ్రి."

లేచాం. మర్నాడు, ఆ మర్నాడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు బాపు నేసిన బట్టను మగ్గం నుంచి దించాడు. అవ్వ దాన్ని ఒడిలో పరుచుకొని చేత్తో తడిమి చూసింది. ఉండలు, కుచ్చులు, తెగి ముడేసిన జాగాలు. బట్టకు అమ్మవారు పోసినట్టుంది. అవ్వ చాలాసేపు దాన్ని తడుముతూనే ఉంది. తరువాత నా చూపుడువేలు లాగి చూసింది. చర్మం లేచిపోయి ఉంది. వేలు వదిలేసి బాపు వైపు తిరిగింది.

"ఈ పిల్ల ఇంట్లుంటే నీ మగ్గం మూతపడ్తది కొడుకా. బండ తీస్కపోండ్రి."

"మరి నీకు..." అన్నాడు బాపు.

"నన్ను యాడ పండబెడ్తరో గాడ పండబెట్టుకోండ్రి. నేను లేచి చూస్తనా?"

ఒక్క బండతో అడ్డం పూర్తి కాదు, మూడు కావాలి. ఆ సంగతి మామ నసుగుతూ చెబితే అవ్వ కట్టె పట్టుకొని బయలుదేరింది. ముందు మామ ఇంటి ముందే ఆగింది. "అల్లుడా, నా బండ పోయింది. నీ బండ మీద నువ్వు కూసుంటే నాకు చూడబుద్ధి అయితలేదు." మామ బండ లేచింది. మూడోది పెద్దసారు కిరాయికి ఉన్న ఇంటి మెట్టు. దాని గురించి అవ్వ ఆ ఇంటి యజమానితో ఏం మాట్లాడిందో తెలియదు కానీ, ఆ తరువాత వారం దాకా పెద్దసారు ఇంట్లోంచి బయటికి దూకి వచ్చేవారు.

గడ్డపారలతో లేపి, కింద దుంగలు దొర్లించి, తాళ్లు కట్టి లాగి, మొత్తానికి మూడు బండలను బడికి చేర్చారు. పాతేటప్పుడు ఇంకో తగువు వచ్చింది. పులిమేక గీతలున్న వైపు ఎటు ఉండాలి? మగపిల్లల వైపు ఉండాలని మామ కొడుకులు వచ్చి పట్టుబట్టారు.

"బండ ఎవలిది?" అంది అవ్వ. గీతలు ఆడపిల్లల వైపు వచ్చాయి.

పాతడం అయ్యాక బాపు ఇక తాళం అక్కర్లేదని పెద్దసారుకు చెప్పబోతే అవ్వ ఆపింది. "ఆగు. చూడకుండనే అయిపోయిందంటే ఎట్ల? తడక చూసి మంచిగుందన్నరు, బట్ట చూసి మంచిగుందన్నరు. కూసొని చూసినోళ్లు ఒక్కలు లేరు." ఆడపిల్లల వైపు పోయి చీరె మోకాళ్ల చుట్టూ సర్దుకొని, ఊరికే కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. మామను అటు పక్క నిలబెట్టింది.

"అల్లుడా, నేను కనబడ్తున్ననా?"

"లేదత్తా."

"జర మడిమలు లేపి చూడు."

అటు పక్క నుంచి మామ గొంతు వచ్చింది. "కొప్పు కనబడ్తాంది."

"కొప్పుకేం సిగ్గు?" అంది అవ్వ. "నాదానికి లేదు."

తరువాత ఒక చీపురుపుల్ల తెప్పించుకొని బండకూ బండకూ మధ్య సందుల్లో గుచ్చుకుంటూ పోయింది. పుల్ల అటువైపు తేలిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టింది. బాపు సున్నమూ మట్టీ కలిపి ఆ సందులు పూడ్చాడు. ఆయన ముద్ద కలుపుతుంటే మామ పక్కన కూర్చొని, "బావా, గంజి మాత్రం పొయ్యకు" అన్నాడు. బాపు ముద్ద తీసి ఆయన మీదికి విసిరాడు.

తెల్లవారి మేమిద్దరం బడికి పోయాం. రాట్నం మీద సగం చుట్టిన కండె అట్లాగే ఉండిపోయింది. అవ్వ దాన్ని విప్పి మళ్లీ తనే చుట్టుకుంది.

ఇప్పుడు మీకు నేను ఒప్పుకోవలసింది ఒకటుంది. పులిమేక గీతలు నిలువుగా ఉంటే రాళ్లు పెట్టి ఆడలేం. కానీ బొగ్గుతో పులి దగ్గర సున్నా, మేక దగ్గర చుక్క పెట్టి, తడిగుడ్డతో తుడుస్తూ ఆడొచ్చు. అది నా దోస్తు కనిపెట్టింది. ముందు మేమిద్దరమే ఆడాం. తరువాత ఐదో తరగతి వాళ్లు, ఆ తరువాత నాలుగో తరగతి వాళ్లు వరసగా నిలబడ్డారు. ఆట సగంలో గంట కొడితే ఎక్కడిదక్కడ వదిలేసి, లెక్కల పాఠం మధ్యలో చెయ్యెత్తి, "సారూ, పాయఖానా" అని పోయి ఇంకో ఎత్తు వేసి వచ్చేవాళ్లం.

నెల తిరక్కుండానే పెద్దసారు మా ఇంటికి వచ్చారు. అవ్వ అప్పుడు బండ పోయిన జాగాలో నులకమంచం వేసుకొని కూర్చుంటోంది. మంచం మీద నుంచి ఊరు సరిగ్గా కనబడదని రోజూ సణిగేది.

"అమ్మా, ఒక మాట," అన్నారు సారు. "అడ్డం లేనప్పుడు ఆడపిల్లలు పాయఖానాలకే పోలేదు. ఇప్పుడు పోతే వస్తలేరు. అరగంట దాకా లోపలనే ఉంటున్నరు. మీరు జర భయం చెప్పాలె."

నేను దర్వాజా వెనక నిలబడి ఉన్నాను. చేతివేళ్లకు బొగ్గు ఉంది. అవ్వ నా చేతులు చూసింది, సారును చూసింది. నా పని అయిపోయినట్టే అనుకున్నాను. రాట్నం మూల నుంచి నన్నే చూస్తున్నట్టనిపించింది.

"సారూ," అంది అవ్వ, "గా బండ మీద నేను నలభయ్యేండ్లు కూసున్న. ఒకసారి కూసుంటే లేవబుద్ధి కాదు. పిల్లలనేం అంటవ్?"

సారు మజ్జిగ తాగి పోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అవ్వ ఆగింది. తరువాత నన్ను పిలిచి చెవి మెలిపెట్టి, మెల్లగా అడిగింది.

"పులి గెలిచిందా, మేకలు గెలిచినయా?"

మేకలే గెలిచాయని చెప్పాను. ఏడో తరగతి కూడా అట్లాగే గెలిచాను, మంచి మార్కులేం రాలేదు.

అందుకని బిడ్డా, ప్లైవుడ్డో ప్లాస్టిక్కో మీ ఇష్టం, రంగు కూడా మీ ఇష్టం. బిగించాక మాత్రం ఒకరు లోపల కూర్చోండి, ఒకరు అవతల నిలబడి మడమలెత్తి చూడండి. సందుల్లో చీపురుపుల్ల గుచ్చండి. ఇక ఆ పిల్లలు లోపలికి పోయి తొందరగా రాకపోతే తలుపు కొట్టి కంగారుపెట్టకండి.